కొలీజియం పాతదే, టీము పోయింది మాత్రం అందుకు కాదు

2025 జూన్ 12న కాలిఫోర్నియాలో ఓక్లాండ్ కొలీజియం అనే పాత స్టేడియంలో అమెరికా టీ20 లీగ్, మేజర్ లీగ్ క్రికెట్ సీజన్ మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లు ఫ్రీమాంట్, డబ్లిన్, సాన్ హోసేల నుంచి మనవాళ్లు బాగానే వచ్చారు. ఫిన్ ఆలెన్ 51 బంతుల్లో 151 కొట్టిన మ్యాచ్ అది. అందులో 19 సిక్సులు. టీ20ల్లో ఒక ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సులు అంతకుముందు ఎవరూ కొట్టలేదు. బంతి లేచిన ప్రతిసారీ మా వరసంతా లేచి నిలబడడం, అది ఎక్కడో ఖాళీ కుర్చీల మధ్య పడి టకటకమని ఎగురుకుంటూ పోవడం. ఆ గోలలో నా పక్కన కూర్చున్న నెల్లూరు కుర్రాడు, ఈ దేశం వచ్చి ఎక్కువ కాలం కాలేదు, ఒకసారి చుట్టూ కలియజూసి, "స్టేడియం ఇంత డొక్కుగా పెట్టుకుంటే టీము పోక ఏం చేస్తుందన్నా?" అన్నాడు.

అతన్ని ఏమనను? బే ఏరియాలో, అంటే ఈ సాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, ఎవర్నడిగినా ఇదే చెప్తారు. కొలీజియం పాతబడింది, మురుగు కారుతోంది, జనం రావడం మానేశారు, అందుకే అక్కడ ఆడే బేస్‌బాల్ జట్టు, పేరు అథ్లెటిక్స్, లాస్ వేగాస్ దారి పట్టింది. వినడానికి వరస బాగానే కుదిరింది. ఒక్కో ముక్కా విడిగా చూస్తే అబద్ధం కూడా కాదు. కానీ ఈ కథలో ఒక మనిషి కనబడడు. జట్టు ఓనరు, జాన్ ఫిషర్. ఇరవై ఏళ్ల నిర్ణయాలన్నీ ఆయన చేతుల మీదుగా జరిగితే, చివరికి నేరం కాంక్రీటు మీదకి తోసేశారు. నాకు ఆ మాట ఎప్పుడు విన్నా ఒళ్లు మండుతుంది. ఆ రోజు మ్యాచ్ మధ్యలో కుర్రాడికి సరిగ్గా చెప్పలేకపోయాను, బార్ట్ రైలెక్కి ఇంటికొచ్చేదాకా మనసులో జవాబు చెప్తూనే ఉన్నాను. అదంతా ఇక్కడ రాస్తున్నాను.

వయసు లెక్కలోకి రాదు

కొలీజియం 1966లో తెరిచారు. అదే ఏడాది అనహైమ్‌లో తెరిచిన ఏంజెల్ స్టేడియంలో ఇప్పటికీ బేస్‌బాల్ ఆడుతున్నారు. లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్ స్టేడియం 1962 నాటిది, కొలీజియం కన్నా నాలుగేళ్లు పెద్దది. 2025లో అక్కడికి నలభై లక్షల మందికి పైగా వచ్చారు. బోస్టన్ ఫెన్‌వే పార్క్ 1912, షికాగో రిగ్లీ ఫీల్డ్ 1914. వాటిని చూడడానికి వేరే రాష్ట్రాల నుంచి విమానాలెక్కి వస్తారు. మరి వయసే నేరమైతే ఈ నాలుగూ ఎప్పుడో నేలమట్టం కావాలి.

డాడ్జర్ స్టేడియంలో ఆడే డాడ్జర్స్ జట్టు సంగతి ఇక్కడ ముఖ్యం. 2011లో ఆ జట్టు ఓనరు ఫ్రాంక్ మెకోర్ట్ అప్పుల్లో కూరుకుపోతే బేస్‌బాల్ లీగ్ కమిషనర్ ఏకంగా జట్టు రోజువారీ వ్యవహారాలు తన చేతిలోకి తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి జట్టు చేతులు మారింది, 200 కోట్ల డాలర్లకు పైగా ధరకి. కొత్త ఓనర్లు పాత స్టేడియాన్నే బాగుచేసుకున్నారు. అంటే లీగ్ తలచుకుంటే ఓనర్ని దారికి తేగలదు, మార్చగలదు కూడా. ఓక్లాండ్ విషయంలో తలచుకోలేదు.

అలాగని కొలీజియం గొప్పగా ఉందని నేను అనడం లేదు. 2013 జూన్‌లో మురుగునీరు డ్రెస్సింగ్ రూముల్లోకి ఎగదన్నింది. రెండు జట్లవాళ్లూ పైఅంతస్తులో ఫుట్‌బాల్ జట్టు వాడే గదికి వెళ్లి స్నానాలు చేయాల్సి వచ్చింది. గ్రౌండు సముద్రమట్టం కన్నా కిందుంటుంది, నీళ్లు పైకి తోడాలి. 2023లో కామెంటరీ గదిలో పోసమ్ అనే జంతువు కాపురం పెట్టిందని జాతీయ టీవీల్లో వచ్చింది. ఇవన్నీ నిజాలే.

పైగా కట్టడం జట్టుది కాదు, సిటీదీ కౌంటీదీ (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది). కాబట్టి పైపులు బాగుచేయించని పాపంలో వాళ్లకీ వాటా ఉంది. అయితే అద్దెకున్నవాడు ఏటా "నేను ఖాళీ చేసేస్తా" అంటుంటే ఇంటాయన సున్నం వేయించడు, వేరే ఇల్లు వెతుక్కునేవాడు తన డబ్బుతోనూ వేయించుకోడు. ఇక్కడ జరిగింది అదే, అదీ ఇరవై ఏళ్లపాటు. 2006లో ఫ్రీమాంట్ అన్నారు. తర్వాత సాన్ హోసే అన్నారు. 2017లో లేనీ కాలేజీ పక్కన అన్నారు. 2018లో హోవర్డ్ టెర్మినల్ రేవు దగ్గర అన్నారు. చివరికి వేగాస్. మధ్యలో 2019లో కౌంటీ వాటా 8.5 కోట్ల డాలర్లకి జట్టే కొనుక్కుంటానని ఒప్పందం రాసుకుంది. అంటే సగం ఇంటికి తనే ఓనరు కాబోతోంది. అప్పుడైనా ఈ పాత గ్రౌండుని నిలబెట్టుకుందామన్న ఆలోచన ఎక్కడా కనబడలేదు.

2006 సంగతి మా ఫ్రీమాంట్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. పసిఫిక్ కామన్స్ దగ్గర సిస్కో పేరుతో కొత్త స్టేడియం వస్తుందన్నారు. అక్కడి పెద్ద షాపులవాళ్లు ఒప్పుకోలేదు. వార్మ్ స్ప్రింగ్స్ వైపు చూస్తే అక్కడి ఇళ్లవాళ్లకి ట్రాఫిక్ టెన్షన్ పట్టుకుంది. 2009 ఫిబ్రవరిలో ఆ ప్రాజెక్టు వదిలేశారు. వద్దన్నవాళ్లని నేను తప్పుపట్టను, ఎవరి వీధి బాధ వాళ్లది. కానీ ఆ మూడేళ్లూ కొలీజియంలో పై అంతస్తు మొత్తం టార్పాలిన్‌తో కప్పి ఉంచారన్నది మర్చిపోకూడదు. కూర్చునే చోటు తగ్గించి, ఆ తర్వాత జనం తగ్గారని లెక్క చెప్పారు.

జీన్స్ వ్యాపారంలో రెండు కుటుంబాలు

ఓనరు మారితే అదే కాంక్రీటు ఎలా ఉంటుందో చూడాలంటే వెనక్కి వెళ్లాలి. 1980లో లీవైస్ జీన్స్ చేసే లీవై స్ట్రాస్ కంపెనీ కుటుంబానికి చెందిన వాల్టర్ హాస్ ఈ జట్టుని సుమారు 1.27 కోట్ల డాలర్లకి కొన్నాడు. అప్పటికి జట్టు దాదాపు ఊరొదిలి పోయేలా ఉంది, స్టాండ్లలో జనం లేరు. హాస్ ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టాడు, ఊళ్లోవాళ్లతో కలిసిపోయాడు. 1988, 89, 90, వరసగా మూడేళ్లు జట్టు వరల్డ్ సిరీస్‌కి, అంటే లీగ్ ఫైనల్‌కి, వెళ్లింది. 1989లో గెలిచింది కూడా, మధ్యలో లోమా ప్రియెటా భూకంపం వచ్చిన సిరీస్ అది. 1990లో ఇదే కొలీజియానికి 29 లక్షల మంది వచ్చారు. ఇదే కాంక్రీటు, ఇదే బార్ట్ స్టేషన్, ఇదే వంతెన.

1995లో హాస్ జట్టుని 8.5 కోట్లకి అమ్మాడు. అంతకన్నా ఎక్కువకి అమ్మగలిగేవాడే, ఊళ్లోనే ఉంచేవాళ్లకి ఇవ్వాలని తగ్గించుకున్నాడు. 2005లో లూ వుల్ఫ్, జాన్ ఫిషర్ కలిసి 18 కోట్లకి కొన్నారు. 2016 నుంచి పగ్గాలు ఫిషర్ చేతిలోనే. ఫిషర్ తల్లిదండ్రులు గ్యాప్ బట్టల షాపుల స్థాపకులు. 1969లో సాన్ ఫ్రాన్సిస్కోలో వాళ్లు పెట్టిన మొదటి షాపులో అమ్మింది లీవైస్ జీన్సే. ఒకే వ్యాపారంలో ఎదిగిన రెండు కుటుంబాలు, ఒకే ప్రాంతం, ఒకే జట్టు. ఒకరు తక్కువ ధరకి అమ్మి ఊరికి ఉంచారు, ఒకరు ఊరినుంచి ఎత్తుకుపోయారు. నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు అనిపిస్తుంది.

హాస్ మంచితనం తర్వాత జట్టుకే అడ్డుపడింది, అదొక బాధ. ఆయన రోజుల్లో ఇంకో బేస్‌బాల్ జట్టు సాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ దక్షిణానికి వెళ్లాలనుకుంటే, సాన్ హోసే ఉన్న శాంటా క్లారా కౌంటీలో జట్టు పెట్టుకునే హక్కుని డబ్బులడక్కుండా వదిలేశాడు. జెయింట్స్ వెళ్లలేదు, హక్కు మాత్రం వెనక్కి ఇవ్వలేదు. తర్వాత అథ్లెటిక్స్ సాన్ హోసే వెళ్దామంటే అదే హక్కు చూపించి ఆపారు. సాన్ హోసే సిటీ కోర్టుకెళ్లింది. పోటీ చట్టాలు బేస్‌బాల్‌కి వర్తించవని 1922లో ఇచ్చిన తీర్పు ఇంకా బతికే ఉంది కాబట్టి ఓడిపోయింది. 2015లో సుప్రీంకోర్టు కేసు వినడానికి కూడా ఒప్పుకోలేదు. నిజాయితీగా చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో ఫిషర్ పక్షం వాదనలో బలముంది. ఆ రోజు దారి వదిలుంటే జట్టు నలభై మైళ్లు కదిలేది, నాలుగొందల మైళ్లకు పైగా కాదు.

జనం రాలేదా, రానివ్వలేదా

2022లో కొలీజియానికి ఏడాది మొత్తం మీద వచ్చింది 7 లక్షల 87 వేల మంది. లీగ్‌లో అందరికన్నా తక్కువ. ఈ అంకె చూపించే కమిషనర్, ఓనరు, వేగాస్ పెద్దలు అందరూ "చూశారా" అన్నారు.

అంతకు మూడేళ్ల ముందు, 2019 అక్టోబర్ 2న, ఇదే స్టేడియంలో టాంపా బే జట్టుతో వైల్డ్ కార్డ్ అనే నాకౌట్ మ్యాచ్‌కి 54,005 మంది వచ్చారు. అలాంటి మ్యాచ్‌కి అంతమంది ఎక్కడా రాలేదు. ఆ ఏడు జట్టు 97 మ్యాచ్‌లు గెలిచింది. మూడేళ్లలో ఊరు మారలేదు, బార్ట్ మారలేదు. మారింది ఏమిటంటే 2022 సీజన్‌కి ముందు మాట్ ఓల్సన్‌ని పంపేశారు, మాట్ చాప్‌మన్‌ని పంపేశారు, క్రిస్ బాసిట్‌ని, షాన్ మనాయాని పంపేశారు, ఆ ఏడాది చివర్లో షాన్ మర్ఫీని కూడా. ఆ పైన సీజన్ టికెట్ల ధర పెంచారు. 2023లో లీగ్ మొత్తంలో అతి తక్కువ జీతాల జట్టు ఇదే, 112 మ్యాచ్‌లు ఓడిపోయింది. పిల్లాడు గోడ మీద అంటించుకున్న ప్రతి ఆటగాడూ వేరే ఊరి జెర్సీలో కనబడుతుంటే ఏ తండ్రి ఎన్నిసార్లు తీసుకెళ్తాడు? మా ఇంట్లోనూ ఆ గోడ ఉంది. చాప్‌మన్ పోస్టర్ తీసేయమని మావాడే అడిగాడు.

2023 జూన్ 13 రాత్రి నేను అక్కడే ఉన్నాను. అభిమానులు ఆ రోజుకి రివర్స్ బాయ్‌కాట్ అని పేరు పెట్టారు: మేం రావట్లేదంటున్నారు కదా, ఒక మంగళవారం రాత్రి అందరం వస్తాం, చూసుకోండి అని. బార్ట్ స్టేషన్ నుంచి స్టేడియానికి ఇనప కంచెల మధ్య పొడవాటి వంతెన ఉంటుంది, ఎప్పుడూ సగం ఖాళీగా ఉండే వంతెన. ఆ సాయంత్రం భుజాలు తగులుకుంటూ నడిచాం. బేకన్ చుట్టిన హాట్‌డాగ్‌లూ వేయించిన ఉల్లిపాయలూ వాసన, వేరుశెనగ పొట్లాలు అమ్మేవాళ్ల కేకలు. బయట పార్కింగ్‌లో అభిమానులే చందాలు వేసుకుని అచ్చు వేయించిన ఆకుపచ్చ టీషర్టులు పంచుతున్నారు, ముందు ఒకే మాట: 'అమ్మేయ్'. లోపలికి 27,759 మంది వచ్చారు. ఐదో ఇన్నింగ్స్ మొదట్లో, ముందే అనుకున్నట్టు, మొదటి బ్యాటర్ ఉన్నంతసేపూ స్టేడియం మొత్తం నోరు మూసుకుంది. రైట్ ఫీల్డ్ డప్పులు కూడా ఆగాయి. పిచర్ బంతి వేస్తే క్యాచర్ గ్లవ్‌లో పడిన చప్పుడు మా పైవరస దాకా వినబడింది. ఆ బ్యాటర్ అయిపోగానే ఒక్కసారిగా "జట్టుని అమ్మేయ్" అని మొదలైంది, ఎంతసేపటికీ ఆగలేదు. ఆ నిశ్శబ్దమే నాకు ఎక్కువ గుర్తు. కోపంగా ఉన్న ఇరవై ఏడు వేలమంది మాట్లాడుకుని ఒకేసారి మౌనంగా ఉండడం నేను మన దగ్గర ఏ రాజకీయ సభలోనూ చూడలేదు. ఆ రాత్రి, అప్పటికి అందరికన్నా ఎక్కువ గెలుపులున్న టాంపా బే మీద మన జట్టు 2-1తో గెలిచింది.

అదే రోజు నెవాడా సెనేట్ ఓటేసింది. రెండు రోజుల్లో గవర్నర్ సంతకం అయిపోయింది, వేగాస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల వరకు ప్రజల డబ్బు. ఓక్లాండ్ జనం గురించి అడిగితే కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ ఒక్క రాత్రికి దాదాపు సగటు మ్యాచ్‌కి వచ్చేంత మంది రావడం బాగుందన్నాడు. నవంబర్ 16న లీగ్ ఓనర్లంతా కలిసి 30-0తో తరలింపుకి ఒప్పుకున్నారు. ఒక్కరు కూడా వద్దనలేదు. గోల్డెన్ స్టేట్ వారియర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు ఓనరు జో లేకబ్ ఆ జట్టుని కొనడానికి నేను ఎప్పుడైనా సిద్ధమని బహిరంగంగానే చెప్పాడు. అమ్మకానికి లేదన్నారు.

ఊరి తప్పు లేదా?

ఉంది, దాన్ని దాటేసి రాస్తే నా మీద నాకే నమ్మకం పోతుంది. ఓక్లాండ్ రాజకీయం నెమ్మది, గజిబిజి. మేయర్లు మారినప్పుడల్లా మాట మారింది. సిటీ, కౌంటీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఏళ్లు గడిపేశాయి.

కానీ ఆ నెమ్మదికి కారణం కూడా ఆ స్టేడియంలోనే కాంక్రీటు పోసి ఉంది. 1995లో రైడర్స్ ఫుట్‌బాల్ జట్టుని లాస్ ఏంజెలెస్ నుంచి వెనక్కి రప్పించడానికి సెంటర్ ఫీల్డ్ వెనకాల ఒక కొండంత స్టాండ్ కట్టారు. ఓనరు ఆల్ డేవిస్ పేరు కలిపి దాన్ని మౌంట్ డేవిస్ అంటారు. అప్పటిదాకా సీట్లోంచి చూస్తే ఓక్లాండ్ కొండలు కనబడేవట, పాత అభిమానులు ఇప్పటికీ చెప్పుకుని బాధపడతారు. దాని ఖర్చు సుమారు 20 కోట్ల డాలర్లు, సిటీ, కౌంటీ నెత్తిన అప్పు. 2020లో రైడర్స్ నెవాడా ఇచ్చిన 75 కోట్ల డాలర్ల ప్రజాధనం చూసుకుని వేగాస్ వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ స్టాండ్ తాలూకు అప్పు ఇక్కడి జనం కడుతూ వచ్చారు. ఇలా చెయ్యి కాల్చుకున్న ఊరు, 1200 కోట్ల డాలర్ల హోవర్డ్ టెర్మినల్ ప్రాజెక్టు కాగితాలు ముందుకొస్తే, ప్రతి పేజీ రెండుసార్లు చదవాలనుకోవడం తప్పా? అయినా పర్యావరణ నివేదికని 2022లో ఆమోదించింది, రోడ్లకీ వంతెనలకీ గ్రాంట్లు తెచ్చుకుంది. 2023 ఏప్రిల్‌లో, మాటలు ఇంకా నడుస్తుండగానే, జట్టు వేగాస్‌లో స్థలం మాట్లాడుకున్నామని ప్రకటించింది.

ఇక్కడ నా వాదనకే ఒక చిక్కుంది. స్టేడియాలకి ప్రజల డబ్బు ఇవ్వకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ దేశంలో దీన్ని లెక్కలు కట్టి చూసిన ఆర్థికవేత్తల్లో ఎక్కువమందిది అదే మాట, పెట్టినంత తిరిగి రాదని. మరి డబ్బూ ఇవ్వను, జట్టూ పోకూడదు అంటే ఎలా కుదురుతుంది? శాక్రమెంటో చూడండి. 2013లో బాస్కెట్‌బాల్ జట్టు కింగ్స్ సియాటిల్ వెళ్లిపోవాల్సిందే. ముంబైలో పుట్టిన వివేక్ రణదివే బృందం కొనడానికి ముందుకొచ్చింది, లీగ్ ఓనర్లు 22-8తో తరలింపు వద్దన్నారు, జట్టు నిలిచింది. అయితే కొత్త అరీనాకి ఆ సిటీ పాతిక కోట్ల డాలర్ల పైనే పెట్టింది. డబ్బు పెట్టారు కాబట్టే మిగిలారు అని ఎవరన్నా అంటే నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. అక్కడ లీగ్ ముందు రెండు దారులూ తెరిచి పెట్టి, ఊరికి టైమిచ్చి, పోటీకి కొనేవాణ్ణి రానిచ్చింది. ఓక్లాండ్‌కి కొనేవాణ్ణి రానివ్వనే లేదు. అదే రణదివే చేతిలో ఉన్న వెస్ట్ శాక్రమెంటో చిన్న గ్రౌండులో, వేగాస్ స్టేడియం సిద్ధమయ్యేదాకా, అథ్లెటిక్స్ ఆడుతున్నారు, పేరు ముందు ఏ ఊరి పేరూ లేకుండా. పట్టేదే పద్నాలుగు వేలమంది, మొదటి ఏడాది సగటున పదివేలు కూడా రాలేదు. నిక్ కర్ట్జ్ అనే కుర్రాడు 2025లో ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్‌రన్లు కొట్టి, ఆ ఏడాది అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. ఓక్లాండ్ జెర్సీలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదతను.

మనవాళ్లకి ఇదంతా కొత్తగా అనిపించడానికి కారణముంది. 2012లో దక్కన్ చార్జర్స్ ఓనర్లు అప్పుల్లో మునిగితే ఐపీఎల్ ఆ జట్టుని రద్దు చేసింది, కొన్ని వారాల్లోనే హైదరాబాద్‌కి కొత్త జట్టు వేలం వేసింది, సన్‌రైజర్స్ వచ్చింది. 2009లో కప్పు కొట్టిన జట్టు పేరూ రంగూ పోయినందుకు బాధపడ్డాం గానీ ఉప్పల్‌లో మ్యాచ్‌లు ఆగలేదు. ఓనరు వేరు, ఊరు వేరు అని అక్కడ లీగే ఒప్పుకుంది. ఇక్కడ ముప్ఫై జట్లు, ముప్ఫై కుటుంబాలో కంపెనీలో. ముప్ఫై ఒకటోది రావాలన్నా ఆ ముప్ఫై మందే ఒప్పుకోవాలి. కొరత వాళ్ల చేతిలో ఉంది కాబట్టే ప్రతి ఊరూ భయపడుతుంది.

ఒహాయోలో ఒక చట్టం

1995లో క్లీవ్‌లాండ్ ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్‌ని దాని ఓనరు ఆర్ట్ మోడెల్ బాల్టిమోర్ తీసుకుపోతానన్నాడు. ఊరు కోర్టుకెక్కి, గొడవ చేసి, ఒకటి సాధించింది: పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌లాండ్‌లోనే ఉంటాయి. 1999లో కొత్త జట్టు అదే పేరుతో వచ్చింది. ఒహాయో రాష్ట్రం ఒక చట్టమూ చేసింది. ప్రజల డబ్బుతో నడిచే స్టేడియంలో ఆడే జట్టు పోవాలంటే ఆరు నెలల ముందు చెప్పాలి, స్థానికులకి కొనే అవకాశం ఇవ్వాలి. 2018లో కొలంబస్ క్రూ సాకర్ జట్టుని ఆస్టిన్ తీసుకుపోదామని చూసినప్పుడు ఈ చట్టం కింద కేసు వేశారు. జట్టుని స్థానికులతో కలిసి హాస్లమ్ కుటుంబం కొన్నది, 2020లో ఆ జట్టు ఛాంపియన్ అయింది.

ఇది చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాతి సంగతి చదివాక కొంచెం చల్లబడ్డాను. బ్రౌన్స్‌కి ఓనర్లు కూడా ఆ హాస్లమ్ కుటుంబమే. వాళ్లే జట్టుని క్లీవ్‌లాండ్ ఊరు దాటించి బ్రూక్ పార్క్‌కి తీసుకెళ్తామంటే సిటీ ఇదే చట్టం బయటికి తీసింది. 2025లో రాష్ట్రం ఆ చట్టాన్నే మార్చేసింది, రాష్ట్రం దాటిపోయే జట్లకే వర్తిస్తుందని. కాబట్టి చట్టం ఉంటే చాలు అని చెప్పలేను. అయినా లేకపోవడం కన్నా ఉండడం వెయ్యిరెట్లు నయం. కొలంబస్‌కి అది పనికొచ్చింది. క్లీవ్‌లాండ్ కూడా ఉత్త చేతులతో కాకుండా పది కోట్ల డాలర్ల ఒప్పందంతో బయటపడింది. కాలిఫోర్నియాలో అలాంటిది ఉండి ఉంటే 2023లో లేకబ్‌కో ఇంకొకరికో కనీసం ఆరు నెలల గడువు దొరికేది, ఫిషర్ ఒక ధర చెప్పాల్సి వచ్చేది.

ఇప్పుడు ఓక్లాండ్ మేయర్‌గా ఉన్న బార్బరా లీ 2023లో ప్రతినిధుల సభలో ఉన్నప్పుడు, ఊరు విడిచి వెళ్లే బేస్‌బాల్ జట్టు ఆ ఊరికి పరిహారం కట్టాలని, లేదంటే లీగ్‌కున్న 1922 నాటి రక్షణ తీసేయాలని ఒక బిల్లు పెట్టారు. ముందుకు కదల్లేదు. ఒక్కో ఊరూ ఒంటరిగా కొట్లాడితే లీగ్ ఇంకో ఊరిని చూపించి భయపెడుతుంది, కాబట్టి ఇది ఢిల్లీ స్థాయిలో, అంటే ఇక్కడ వాషింగ్టన్‌లో, తేలాల్సిన విషయమే.

ఇక ఆ స్థలం

2024 సెప్టెంబర్ 26న టెక్సస్‌తో చివరి మ్యాచ్. 46,889 మంది వచ్చారు, 3-2తో గెలిచారు. ఆ డిసెంబర్‌లోనే రికీ హెండర్సన్ పోయాడు. ఓక్లాండ్ వీధుల్లో పెరిగి, ఇదే గ్రౌండులో 1991 మే 1న 939వ బేస్ దొంగిలించి (అంటే బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తి) రికార్డు కొట్టిన అథ్లెటిక్స్ ఆటగాడు, గ్రౌండుకి పెట్టిన పేరు కూడా ఆయనదే.

కొలీజియంలో సిటీ సగాన్నీ అథ్లెటిక్స్ సగాన్నీ కొనడానికి ఆఫ్రికన్ అమెరికన్ స్పోర్ట్స్ అండ్ ఎంటర్‌టైన్‌మెంట్ గ్రూప్ అనే స్థానిక సంస్థ ఒప్పందాలు చేసుకుంది, ఒక్కోటీ 12.5 కోట్ల డాలర్లు. ఇళ్లు, హోటళ్లు, వినోద కేంద్రాలు కడతామంటున్నారు. ఈస్ట్ ఓక్లాండ్‌కి పెట్టుబడి రావాలనే నేనూ కోరుకుంటాను, అక్కడి మనుషులకి అది ఎప్పుడో దక్కాల్సింది. కానీ ఒప్పందం తేదీలు మాటిమాటికీ జరిగాయి, సిటీ ఆ డబ్బుని రాకముందే బడ్జెట్‌లో లెక్కేసుకుంది. నా భయం కూల్చడం గురించి కాదు, కూల్చి ఖాళీగా వదిలేయడం గురించి.

ఎందుకంటే ఆ గ్రౌండు ఖాళీగా ఉండాల్సిన అవసరం లేదని 2025లో తేలిపోయింది. మార్చిలో ఓక్లాండ్ రూట్స్ సాకర్ జట్టు మొదటి మ్యాచ్‌కి 26,575 మంది వచ్చారు. జూన్‌లో మన క్రికెట్. అవతల వెస్ట్ ఓక్లాండ్ రైమండీ పార్కులో బాలర్స్ అనే చిన్న బేస్‌బాల్ జట్టు పెట్టుకున్నారు, దాంట్లో అభిమానులకే వాటాలు అమ్మారు, 2025లో పయనీర్ లీగ్ గెలిచారు కూడా. ఇళ్ల కోసం నిధులు బ్యాంకులో కనబడేదాకా, పునాది తవ్వే తేదీ రాసిచ్చేదాకా, గేట్లు తెరిచే ఉంచాలి, రూట్స్‌కీ క్రికెట్‌కీ స్కూలు జట్లకీ అద్దెకివ్వాలి. అమ్మకం పత్రంలో ఆ షరతు ఉండాలి. కొన్నవాళ్లు కట్టకపోతే స్థలం వెనక్కి వచ్చే షరతు కూడా.

ఇదే మాట మన క్రికెట్ వాళ్లకీ చెప్తాను. ఈ లీగ్ డబ్బులో మనవాళ్ల చెయ్యి పెద్దది, సియాటిల్ ఆర్కాస్ జట్టు పెట్టుబడిదారుల్లో సత్య నాదెళ్ల ఉన్నారు. డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రైరీలో మూతబడ్డ బేస్‌బాల్ స్టేడియాన్నే క్రికెట్‌కి మార్చుకున్నారు. శాంటా క్లారా కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో స్టేడియం కడతామన్న మాట ఎప్పట్నుంచో నడుస్తోంది. రేపు అది మళ్లీ కౌంటీ ముందుకి వస్తే వాట్సాప్ గ్రూపుల్లో "అందరూ వచ్చి మద్దతు చెప్పండి" అని మెసేజ్‌లు తిరుగుతాయి. నేనూ వెళ్తాను. వెళ్లి మైకు ముందు అడగబోయేవి ఇవి: భూమి ప్రజలదైతే జట్టు పేరులో ఊరి హక్కు ఎంత? ఓనరు అమ్మాలనుకుంటే మొదట అడగాల్సింది ఎవర్ని? పైపులు పగిలితే బాగుచేయించేది ఎవరు, ఏ డబ్బుతో? ఈ మూడింటికీ ఒప్పందంలో జవాబు రాయకపోతే, ఎంత క్రికెట్ పిచ్చి ఉన్నా, నా ఓటు వద్దనే.